నూకలు ఏరిన బియ్యం: శ్రీకాకుళం, విజయనగరం దారుల్లో అయిదు రోజులు

బయల్దేరే ముందు రాత్రి అమ్మ హాల్లో చాపేసుకుని, చాటలో రెండు గుప్పిళ్ల బియ్యం పోసుకుని కూర్చుంది. గుడికి వెళ్లేటప్పుడు అక్షతలు ఇంటి నుంచే పట్టుకెళ్లడం ఆవిడ అలవాటు. ఒక్కో గింజనీ వేలితో పక్కకు జరుపుతూ, కొస విరిగినది కనిపిస్తే తీసి గిన్నెలో వేస్తుంది. అక్షతం అంటే దెబ్బ తగలనిది. నూక కలిస్తే అది అక్షత కాదని నా చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉంది. ఇప్పుడు ఆవిడ కుడికంట్లో శుక్లం ముదిరింది. సగం నూకలు మంచి బియ్యంలోనే ఉండిపోతున్నాయి. నేను చూశాను, చెప్పలేదు.

కిందటేడు ఫాల్గుణంలో తమ్ముడు పోయాడు. ముప్పై ఎనిమిదేళ్లు. రాత్రి భోంచేసి పడుకున్నవాడు తెల్లారి లేవలేదు. ఆ రోజు ఇంటికొచ్చినవాళ్లలో ఎవరో "వాడికి భూమ్మీద నూకలు చెల్లిపోయాయమ్మా" అన్నారు. అందరూ అనే మాటే. కానీ అప్పటి నుంచి బియ్యంలో నూక కనిపిస్తే నాకు వాడే గుర్తొస్తాడు.

మైల కాబట్టి ఏడాదంతా అమ్మ గుడి మెట్లెక్కలేదు. నాది అత్తింటి గోత్రం, నాకా కట్టుబాటు లేదు. అయినా నేనూ ఎక్కలేదు. ఇంట్లో దీపం కూడా పెట్టలేదు. మైల ఎప్పుడు తీరుతుందా అని అమ్మ రోజులు లెక్కపెట్టుకునేది. నాకు మాత్రం ఎప్పటికీ తీరకపోయినా ఫర్వాలేదనిపించేది. సంవత్సరీకం అయిన వారానికి ఫోన్ చేసి, "అరసవిల్లి, కూర్మం, ముఖలింగం, పైడితల్లి, రామతీర్థం. ఈ అయిదూ సూపించియ్యి పాపా, నాకింకేటీ వద్దు" అంది. ఆఫీసులో సెలవు పెట్టాను.

మొదటి రోజు, గురువారం

విశాఖపట్నంలో పొద్దున్న రైలెక్కి శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగాం. పేరుకు శ్రీకాకుళమే గాని స్టేషనున్నది ఆమదాలవలసలో. అక్కణ్ణుంచి ఊళ్లోకి ఆటో. లాడ్జిలో స్నానాలు చేసి, సాయంత్రం ఎండ తగ్గాక అరసవల్లి వెళ్లాం.

ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ కొద్ది రోజులు ఉదయపు సూర్యకిరణాలు నేరుగా లోపలికొచ్చి స్వామి పాదాల్ని తాకుతాయి. ఈసారి మార్చి రోజులు దాటిపోయి వారమైంది. అమ్మకు ఆ బెంగ లేదు. నల్లరాతి సూర్యనారాయణమూర్తి, పక్కన ఉష, ఛాయ, పద్మ. కింద ఏడు గుర్రాలు. వాటిని తోలేవాడు అనూరుడు. ఊరువులు, అంటే తొడలు లేనివాడు. వినత కడుపున పుట్టాడు. సవతి పిల్లలు ముందు పుట్టేశారన్న ఆరాటంతో ఆ తల్లి గుడ్డును ముందే పగలగొట్టింది. బిడ్డ సగం శరీరంతో బయటికొచ్చి, ఇలా చేశావేమని తల్లిని శపించాడు. చిన్నప్పుడు ఈ కథ వింటే వినత మీద కోపమొచ్చేది. ఆ సాయంత్రం ఆవిడ మీద జాలేసింది. తన చేత్తోనే జరిగిందని ఎన్నాళ్లు కుమిలిపోయి ఉంటుందో! ఆ సగం బిడ్డకే సూర్యుడు తన రథం పగ్గాలు ఇచ్చాడు. రోజూ లోకానికి ముందుగా కనిపించే ఎరుపు అతనిదే, అరుణుడు.

అర్చన దగ్గర గోత్రనామాలు అడిగారు. అమ్మ గోత్రం చెప్పి, వరసగా నాన్న పేరు, తన పేరు, తమ్ముడి పేరు చెప్పేసింది. నలభై ఏళ్ల అలవాటు, నోటికి వచ్చేసింది. అర్చకుడికి తెలియదు కదా. తమ్ముడి పేరు పట్టి ఆయురారోగ్య ఐశ్వర్యాలు కలగాలని గొంతెత్తి చదివాడు. నేను అమ్మ మోచెయ్యి పట్టుకున్నాను. అమ్మ దిద్దలేదు. కళ్లు మూసుకుని మంత్రం పూర్తయ్యేదాకా నిలబడి, కుంకుమ తీసుకుని బయటికొచ్చింది.

రాత్రి లాడ్జిలో ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

రెండో రోజు, శుక్రవారం

శ్రీకూర్మం శ్రీకాకుళానికి పదిహేను కిలోమీటర్లుంటుంది. విష్ణుమూర్తికి తాబేలు రూపంలో ఇంత పెద్ద గుడి ఇంకెక్కడా లేదంటారు. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, రెండు ధ్వజస్తంభాలు. ఎదురుగా శ్వేతపుష్కరిణి. ఇక్కడ పితృకార్యాలు చేస్తారు. మేం వెళ్లేసరికి గట్టు మీద నాలుగైదు కుటుంబాలు పిండాలు పెడుతున్నాయి. కాశీకి వెళ్లలేని మన వైపు జనానికి ఇదే కాశీ.

గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లను పెంచుతున్నారు. వీపు మీద పసుపుపచ్చ చారలు నక్షత్రాల్లా విచ్చుకుని ఉంటాయి. బయట తోటకూర కట్టలు అమ్ముతుంటే అమ్మ ఒకటి కొంది. ఒక తాబేలు మా ముందుకొచ్చి, ఆకు అంచు నోట కరిచి, ముందుకాలితో అదిమి లాగి, ముక్క తుంచుకుంది. పక్కనున్న పిల్లాడు చెప్పు చప్పుడు చేసేసరికి తల, కాళ్లు అన్నీ లోపలికి లాక్కుంది. చాలాసేపు బయటికి రాలేదు. తాబేలు అవయవాల్ని ముడుచుకున్నట్టు ఇంద్రియాల్ని వెనక్కి తీసుకున్నవాడు స్థితప్రజ్ఞుడని గీతలో కృష్ణుడు చెప్పాడు. ఏడాదిగా నేనూ ముడుచుకునే ఉన్నాను. అది స్థితప్రజ్ఞత కాదు, భయం. ఎవరి మీద మనసు పెట్టినా మళ్లీ పోతారన్న భయం. దేవుడి మీదైనా సరే.

ఈ ఊరి గురించి ఒక కథ చాలామందికి తెలియదు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. పదహారో శతాబ్దం మొదట్లో చైతన్య మహాప్రభువు పూరీ నుంచి దక్షిణాదికి నడిచి వస్తూ ఇక్కడ ఆగాడు. ఒక బ్రాహ్మణుడి ఇంట్లో ఆతిథ్యం తీసుకున్నాడు. వాసుదేవుడని ఒక కుష్ఠురోగి ఉండేవాడు. ఒళ్లంతా పుళ్లు, వాటిలో పురుగులు. పురుగు కింద పడితే, పాపం దానికి తిండి ఉండదని తీసి మళ్లీ పుండులోనే పెట్టుకునేవాడట. మహాప్రభువు వచ్చాడని రాత్రి తెలిసి, తెల్లారి ఆ ఇంటికి వెళ్లాడు. అప్పటికే ఆయన వెళ్లిపోయాడు. ఆ మాట వినగానే వాసుదేవుడు నేల మీద పడి ఏడ్చాడు. దారిలో ఉన్న చైతన్యుడు వెనక్కి తిరిగి వచ్చి అతన్ని కౌగిలించుకున్నాడు. ఆ కౌగిలితో రోగం పోయిందట.

నాకు ఈ కథలో రోగం నయమవడం కంటే ముందున్న ముక్కే ముఖ్యమనిపిస్తుంది. ఒళ్లు పురుగులు పట్టినప్పుడు గుండె పగలనివాడికి, స్వామి దర్శనం తప్పిపోయిందంటే పగిలింది. నేను ఏడ్చిన ఏడుపంతా తమ్ముడి కోసమే. నిజమే, అందులో తప్పేం లేదు. కానీ దీపం మానేసిన ఏడాదిలో, దేవుడు నాకు దూరమయ్యాడని ఒక్కరోజైనా ఏడ్చానా? లేదు. నారదుడు భక్తికి ఇచ్చిన నిర్వచనంలో రెండే ముక్కలున్నాయి. చేసేదంతా ఆయనకే అర్పించడం ఒకటి, ఆయన్ని మరిచిన క్షణంలో పరమ వ్యాకులత ఇంకొకటి. ఇన్నాళ్లూ మొదటిదే భక్తి అనుకున్నాను. పూర్తి మనసుతో కొలవడమంటే ఎక్కడా బీట లేని మనసుతో కొలవడం అనుకున్నాను. ఆ వ్యాకులత అనే బీట కూడా అందులో భాగమేనని ఆ గట్టు మీద కూర్చున్నప్పుడు తోచింది.

మూడో రోజు, శనివారం

కారు మాట్లాడుకుని నరసన్నపేట మీదుగా శ్రీముఖలింగం బయల్దేరాం. జలుమూరు దాటాక ఒకచోట డ్రైవరు బాబు టీ కోసం ఆపాడు. రోడ్డు పక్కన ఇప్పచెట్టు. రాత్రంతా రాలిన పూలు కింద పరుచుకుని ఉన్నాయి. లేతపసుపు రంగు, లోపల రసం నిండిన బుడ్డల్లాంటి పూలు. నొక్కితే వేలికి తేనెలా అంటుకుంటుంది. ఒక పెద్దావిడ వంగి గంపలోకి ఏరుకుంటోంది. అమ్మ ఒకటి తీసుకుని కళ్లకద్దుకుంది, ఎందుకంటే ముఖలింగేశ్వరుడు ఇప్పమానులో వెలిశాడని నమ్మకం. మధూకమంటే ఇప్ప, అందుకే మధుకేశ్వరుడు.

వంశధార ఒడ్డున ఇప్పుడు చిన్న ఊరు. ఒకప్పుడు ఇదే కళింగనగరం, తూర్పు గాంగుల రాజధాని. మధుకేశ్వరుడు, సోమేశ్వరుడు, భీమేశ్వరుడు, మూడు గుళ్లు మిగిలాయి. ఆ గోడల మీద శిల్పాలు చూడడానికే ఒక రోజు కావాలి. మేం చూడలేదు. ఎందుకంటే మండపంలోకి రాగానే అమ్మ ఆగిపోయింది. చేతిలో కొబ్బరికాయ అలాగే పట్టుకుని, "నువ్వే కొట్టీ పాపా" అంది.

ఎప్పుడూ తనే కొడుతుంది. ఏమైందని అడిగాను. స్తంభానికి ఆనుకుని కూర్చుని, నెమ్మదిగా చెప్పింది. కిందటేడు శివరాత్రికి మా ఊరి శివాలయంలో కొట్టిన కాయ కుళ్లిపోయి ఉందట. నల్లటి నీళ్లు చేతి మీద పడ్డాయట. ఎవరికీ చెప్పలేదు. మూడు వారాలకు తమ్ముడు పోయాడు.

"ఆయాల ఇంకో కాయ తెచ్చి కొట్టీవలసింది. డబ్బులు సాల్లేదని వచ్చీసినాను. నా వల్లే అయ్యిందేటో" అంది.

ఏడాది. ఏడాది పాటు ఆ తల్లి తన కొడుకును ముప్పై రూపాయల కాయ కోసం పోగొట్టుకున్నానని లోపల్లోపలే కాలిపోయింది. నేను దేవుడి మీద అలిగి దీపం మానేశాను. ఆవిడకు అలిగే హక్కు కూడా లేదనుకుంది. నాకు ఏం చెప్పాలో తెలియలేదు. పక్కనే ఉన్న వయసు మళ్లిన అర్చకుడు ఆ మాట విన్నట్టున్నారు. దగ్గరికొచ్చి, "అమ్మా, కాయ లోపల ఏముందో మీకు తెలీదు. తెలీకుండా జరిగినదాన్ని స్వామి లెక్క కడతాడా? అలా లెక్క కట్టేవాడైతే ఆయన్ని బోళాశంకరుడని ఎందుకంటాం?" అన్నారు. తరవాత మమ్మల్ని ముందుకు తీసుకెళ్లి, లింగం వెనక ఉన్న పెద్ద మట్టి గోలెం చూపించారు.

ఆ గోలెం కథ ఆ వైపు అందరికీ తెలుసు. పిల్లల్లేని కుమ్మరి, బిడ్డ పుడితే స్వామికి గోలెం చేసిస్తానని మొక్కుకున్నాడు. మొక్కు తీరింది. పెద్ద గోలెం చేసి, కాల్చి తెచ్చాడు. గర్భగుడి గుమ్మంలో అది పట్టలేదు. అటు తిప్పినా ఇటు తిప్పినా పట్టలేదు. ఏడ్చి అక్కడే వదిలేసి వెళ్లాడు. తెల్లారేసరికి గోలెం లోపలుంది. ఇప్పటికీ ఉంది. గుమ్మం చూస్తే ఎవరికైనా సందేహం వస్తుంది, ఇది లోపలికెలా వెళ్లిందని.

నేను ఆ గుమ్మం వైపూ, గోలెం వైపూ చాలాసార్లు చూశాను. ఏడాదిగా నా దుఃఖం ఏ స్తోత్రంలోనూ పట్టలేదు. విష్ణుసహస్రం తెరిస్తే పది నామాలు కూడా చదవలేకపోయేదాన్ని. పట్టదని నేను గుమ్మం దాకా కూడా తీసుకురాలేదు. కుమ్మరి కనీసం తెచ్చి గుమ్మం ముందు పెట్టాడు.

కాయ అమ్మచేతే కొట్టించాను. చెయ్యి వణికింది, మొదటి దెబ్బకు పగల్లేదు. రెండో దెబ్బకు రెండు చెక్కలైంది. అమ్మ లోపలికి చూడకుండానే అర్చకుడికి ఇచ్చేసింది.

నాలుగో రోజు, ఆదివారం

శ్రీకాకుళం నుంచి విజయనగరానికి బస్సు. మా పక్క సీట్లో అమ్మ వయసావిడ, తెల్లచీర, ఒళ్లో గుడ్డసంచి, అందులో బైబిలు. విజయనగరంలో కూతురింటికి, అక్కడి చర్చికి వెళ్తోంది. చిలకపాలెం రాకముందే అమ్మ ఆవిడకు తమ్ముడి సంగతంతా చెప్పేసింది. ఆవిడ అమ్మ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. తనకూ ఒక కొడుకు పోయాడట. సంచిలోంచి బైబిలు తీసి, దావీదు కీర్తనల్లో 51వది తెరిచి చదివింది: "విరిగిన మనస్సే దేవునికిష్టమైన బలులు."

నేను ఆ మాట గురించి అడిగాను. దావీదు రాజు ఊరియా భార్యను తెచ్చుకుని, ఊరియాను యుద్ధంలో చంపించాడు. నాతాను ప్రవక్త వచ్చి మొహం మీదే తప్పు చెప్పాడు. అప్పుడు రాజు పాడిన పాట ఇది, అంది. అంటే ఇది చావు తెచ్చిన దుఃఖం కాదు, చేసిన తప్పుకు పశ్చాత్తాపం. "పూర్ణహృదయంతో దేవుణ్ని ప్రేమించాలని మోషేతో చెప్పించినాడమ్మా. ఆ పూర్ణహృదయం ఎవలికుంది? విరిగినాకే పూర్తిగా ఆయన సేతికిస్తాం" అంది. అమ్మ తలూపింది. ఇద్దరూ వేరు వేరు దేవుళ్లకు దండం పెట్టుకునే వాళ్లని ఆ బస్సులో ఎవరికీ అనిపించి ఉండదు.

నాతవలస దగ్గర బస్సు హైవే దిగింది. నేను ఆ 'విరిగిన' అనే మాట దగ్గరే ఉన్నాను. మన మాటల్లో గుండె పగలడం వేరు, మనసు విరగడం వేరు. "వాడి మీద నా మనసు విరిగిపోయింది" అంటే ఇక వాడు నాకు అక్కర్లేదని. పాలు విరిగినట్టు. అమ్మకు గుండె పగిలింది, కానీ మనసు విరగలేదు. కుళ్లిన కాయ తన తప్పేనని నమ్మింది గాని, దేవుడి తప్పని ఒక్కసారి కూడా అనలేదు. నాకు గుండె పగల్లేదేమో. మనసు విరిగింది. పగిలిన గుండె ఒక్కటే ఎవర్నీ భక్తుల్ని చెయ్యదు. అది దేవుడి వైపు పడాలి. నాది పక్కకు పడింది. దావీదుకు తప్పు ఉంది, ఒప్పుకున్నాడు. అమ్మకు లేని తప్పు ఉందనిపించింది, మోసింది. ఇవి ఒకటి కావు, ఒకే కాటా మీద తూచకూడదు. "అంతా దేవుడి పరీక్షమ్మా" అని బిడ్డ పోయిన తల్లితో తేలిగ్గా అనేసేవాళ్లంటే నాకు ఇప్పటికీ గిట్టదు.

మూడులాంతర్ల దగ్గర పైడితల్లి అమ్మవారి చదురుగుడి. చిన్నప్పుడు సిరిమానోత్సవానికి నాన్న భుజం మీద కూర్చుని వచ్చాను. విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం, పొడవాటి చింతమాను చివర పూజారి కూర్చుని ఊగుతూ కోట దాకా మూడుసార్లు వెళ్లొస్తాడు. కింద లక్షల జనం అరటిపళ్లు విసురుతారు. నాకు అప్పటి కేరింత ఒక్కటే గుర్తు. ఆ మాను వెనక కథ విన్నా, తలకెక్కలేదు.

1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద యుద్ధం జరిగింది. విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు, ఆయన పక్కన ఫ్రెంచి సేనాని బుస్సీ. కోట పడింది. ఆ తరవాత బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు విజయరామరాజును ఆయన డేరాలోనే చంపాడు. రాజు చెల్లెలు పైడిమాంబ. మశూచితో మంచంలో ఉంది. అన్నకు కీడు జరగబోతోందని మనసుకు తట్టి, ఆ ఒంటితోనే పతివాడ అప్పలస్వామి నాయుడిని తోడు తీసుకుని బయల్దేరింది. దారిలోనే వార్త వచ్చింది. అక్కడే కూలిపోయింది. తాను అమ్మవారిలో కలిసిపోతున్నానని, పెద్దచెరువులో తన ప్రతిమ దొరుకుతుందని చెప్పి ప్రాణం వదిలింది. చెరువులో వెతికితే దొరికింది. అదే పైడితల్లి.

ఇన్నేళ్లూ నాకు ఈ కథలో రాజు, యుద్ధం, వెలమ పౌరుషం కనిపించేవి. ఆదివారం వరసలో నిలబడి ఉంటే, దారి మధ్యలో వార్త విన్న చెల్లెలు ఒక్కతే కనిపించింది. ఆ పొద్దున నాకు ఫోన్ వచ్చినప్పుడు నేను స్టవ్ మీద పాలు పెట్టి ఉన్నాను. పొంగి, గట్టు మీద నుంచి కారి, నా పాదాల దాకా వచ్చాయి. నేను కదల్లేదు. బొబ్బిలి కోటలో శత్రువు చేతికి చిక్కకూడదని ప్రాణాలు పోగొట్టుకున్న ఆడవాళ్లకూ అన్నదమ్ములుండే ఉంటారు. వాళ్ల వార్తలు ఎవరెవరికి ఎక్కడెక్కడ చేరాయో.

ఈ ఊరు రాజును దేవుణ్ని చేసుకోలేదు. అన్న కోసం గుండె పగిలిన ఆడపిల్లను తల్లిని చేసుకుంది. ఆ తల్లి దగ్గరికి వచ్చి తమ పిల్లలకు, తోబుట్టువులకు జ్వరాలు తగ్గాలని మొక్కుకుంటారు. నా వంతు వచ్చినప్పుడు నేనేమీ అడగలేదు. "అమ్మా, నాకూ ఇలాగే అయ్యింది" అన్నాను. ఏడాది తరవాత దేవుడితో నేనన్న మొదటి మాట అది. ఏడుపు వచ్చింది. వెనక ఉన్నామె తోసెయ్యకుండా ఆగింది.

రాత్రి గదిలో అమ్మకు కంట్లో నీరు కారుతోంది. డబ్బాలో మిగిలిన బియ్యం కంచంలో పోసి, "రేపు రాముడికి. నువ్వేరీ, నాకు కనబళ్లేదు" అంది. ట్యూబ్‌లైటు కింద కూర్చుని ఏరాను. మొదటి ఏడెనిమిది నూకలు తీశాను. తరవాత ఒకటి దొరికింది, సగానికి సరిగ్గా విరిగినది. వేలి మీద పెట్టుకుని చాలాసేపు చూసి, మళ్లీ కంచంలోనే వేశాను.

అయిదో రోజు, సోమవారం

రామతీర్థం నెల్లిమర్ల దగ్గర. కింద రామస్వామి ఆలయం, పైన బోధికొండ మీద కోదండరాముడు. 2020 డిసెంబరు చివర్లో ఎవరో కొండ మీది రాముడి తల వేరు చేసి కొలనులో పడేశారు. ఆ వార్త వచ్చిన రోజు అమ్మ అన్నం తినలేదు. ఖండితమైన మూర్తికి పూజ ఉండదు కాబట్టి కొత్త విగ్రహాలు చెక్కించి, 2022 ఏప్రిల్‌లో కొత్త గుడిలో ప్రతిష్ఠించారు.

మోకాళ్ల నొప్పితో అమ్మ పది మెట్లకోసారి ఆగింది. సగం కొండ ఎక్కాక కూర్చుని, కింద పచ్చగా ఉన్న పొలాల వైపు చూస్తూ, "ఇగ్రహమైతే ఇంకోటి సెక్కీగలరు" అంది. అంతే అంది. నేనూ ఏమీ అనలేదు. సీసాలోంచి నీళ్లు పోసి మొహం తుడిచాను. మళ్లీ లేచింది.

పైన జనం లేరు. గాలికి గంట దానంతటదే కొద్దిగా ఊగుతోంది. అర్చకుడు గోత్రనామాలు అడిగాడు. అమ్మ గోత్రం చెప్పి, నాన్న పేరు, తన పేరు చెప్పి, ఆగింది. ఈసారి తమ్ముడి పేరు చెప్పలేదు. నా పేరు చెప్పింది. పెళ్లయ్యాక పుట్టింటి గోత్రంలో నా పేరు చెప్పడం అదే మొదలు.

అక్షతలు ఇమ్మన్నాడు. అమ్మ డబ్బా మూత తీసి, పసుపు కలిపిన బియ్యాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"నూకలేవైనా ఉన్నాయేటే ఇందులో?"

"ఉన్నాయమ్మా. తియ్యలేదు."

నా మొహంలోకి చూసింది. తరవాత డబ్బా మొత్తం అర్చకుడి పళ్లెంలో ఒంపేసి, అడుగున అంటుకున్న గింజల్ని కూడా వేలితో రాల్చింది.